కాలు దించితే గుడ్డు

ఎండాకాలం పొద్దు, దేవరకొండ దగ్గర ఒక చెలక, పిట్టలు చూసే గుంపు. తీతువు గూడు చూపిస్తానని అందరినీ తోలుకొచ్చిన సారు మెడలో మూరెడు లెన్సు. వివరాలు ఇంతవరకు చాలు.

తీతువుది గూడంటే గూడేం కాదు, నేలమీద చిన్న గుంట. చుట్టూ గులకరాళ్లు, మేక పెంటికలు. మధ్యలో మూడో నాలుగో గుడ్లు, మొనలు లోపలికి ఉంటాయి. మట్టిరంగు మీద నల్ల మచ్చలు. పక్కనున్న రాయికీ గుడ్డుకీ తేడా తొక్కాకే తెలుస్తుంది. అందుకే పిట్ట అరుచుకుంటూ నెత్తిమీదికి దూకగానే, ముందు నడుస్తున్న మనిషి ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది. ఆ మనిషెవరో అనవసరం. మోకాలికి బామ్ రాసుకుంటూ ఇది రాస్తున్నదెవరో అంతకన్నా అనవసరం.

"కదలొద్దు! వెలుగు బాగుంది!" అన్నారు సారు.

కాలు గాల్లోనే ఉంది. పిట్ట తిరిగి తిరిగి వస్తోంది. కంటి ముందు ఎర్రటి తోలు, నల్లటి రొమ్ము, చెవి నుంచి మెడ మీదుగా దిగే తెల్లచార, పసుపుపచ్చటి పొడుగు కాళ్లు. బైనాక్యులర్ లేకుండా ఇంత దగ్గరగా చూసే భాగ్యం ఎందరికుంటుంది? పొడిచేది ఆడదా మగదా అంటే, చూపుకు రెండూ ఒక్కటే, పొదిగేదీ రెండూనే. కాబట్టి వంతులేసుకుని వచ్చాయి. ఆకాశం మీద పడకుండా తీతువు కాళ్లు పైకి పెట్టి పడుకుంటుందని పెద్దలు చెప్తారు. ఆ పూట ఆకాశాన్ని మోసింది పిట్ట కాదు.

కాలు వెనక్కి పెట్టొచ్చు కదా అని ఇప్పుడు అందరూ అంటున్నారు. వెనకాల సారు ట్రైపాడ్ ఉంది.

నిజానికి మనిషి అలికిడి కాగానే తీతువు గుడ్ల మీంచి చప్పుడు చేయకుండా దిగి, కొంతదూరం నడిచి, అప్పుడు లేచి గోల చేస్తుంది. అది లేచినచోట వెతికితే దొరికేది పల్లేరుకాయలే. వచ్చిన దారినే బాగా వెనక్కి పోయి కూర్చోవాలి. అది తిరిగొచ్చి ఎక్కడ ఒదిగి కూర్చుంటుందో బైనాక్యులర్‌తో చూడాలి. అదీ తొందరగా. ఎండలో తల్లిదండ్రులు రొమ్ము ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. మనం అక్కడే నిలబడితే వాటికి ఆ వీలుండదు, గుడ్లు ఉడికిపోతాయి. ఇదంతా బండిలో గంటసేపు చెప్పింది కూడా ఈ సారే.

ఇంతలో మేకలు తోలుకుంటూ ఒకాయన వచ్చిండు. ఒంటికాలి వైపు ఒకసారి, కెమెరా వైపు ఒకసారి చూసిండు.

"ఆడ లెవ్వు సారూ, కాలు దించు. గా సంచి పక్కన సూడుండ్రి, నాలుగున్నయ్."

సంచి సారుది. గుడ్లకు జానెడు దూరంలో పెట్టారు. సారు దాన్ని మెల్లగా పక్కకు తీసి, కెమెరాలో ఏదో చూసుకుని, తలెత్తారు.

"ఇంకొక్కసారి కాలెత్తండి. ఇందాక ఫోకస్ తప్పింది."