మొగుడి సూట్‌కేస్ ఎవరు సర్దాలి?

పెళ్ళయిన మగవాళ్ళందరి తరఫునా ఇది ఒక ఫిర్యాదు. ముద్దాయి పేరు ఇంగ్మార్ బెర్గ్‌మన్, స్వీడన్ దేశపు సినిమా దర్శకుడు. ఆయన 2007లోనే పోయాడు కాబట్టి సమన్లు అందే ఆశ లేదు, నేరం మాత్రం చెక్కు చెదరకుండా ఉంది. 1973లో ఆయన అక్కడి టీవీ కోసం ‘సీన్స్ ఫ్రమ్ ఎ మ్యారేజ్’ అని ఒక సీరియల్ తీసి జనం మీదకి వదిలాడు. అది యాభై ఏళ్ళు ఊళ్ళన్నీ తిరిగి, మూడు వారాల కిందట ఒక శనివారం రాత్రి మా హాల్లోకి వచ్చి కూర్చుంది, ఇంకా లేచి వెళ్ళలేదు.

పేరు విని నేనే ఒప్పుకున్నాను, ఆ తప్పు నాదే. పెళ్ళి సీన్లంటే మనకి తెలిసినవి ఏముంటాయి, తలంబ్రాలు, బిందెలో ఉంగరం, భోజనాల దగ్గర తనకి అప్పడం వెయ్యలేదని పెళ్ళికొడుకు పెదనాన్న అలక. ఇందులో పెళ్ళే లేదు. పెళ్ళయిన పదేళ్ళకి కథ మొదలవుతుంది. ఆరు ఎపిసోడ్లు, మొత్తం కలిపితే దాదాపు ఐదు గంటలు (తర్వాత థియేటర్ల కోసం మూడు గంటల లోపుకి కుదించారట, ఆ సంగతి నాకెవరూ ముందు చెప్పలేదు). ఆ ఐదు గంటలూ యోహాన్ అనే మొగుడు, మరియాన్ అనే పెళ్ళాం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటారు. పాటలు లేవు, ఫైట్ ఒక్కటుంది కానీ దాని సంగతి తర్వాత. మా పెళ్ళయి పందొమ్మిదేళ్ళయింది, ఇంటి లోను, పిల్లాడి ఫీజు తీసేస్తే మేం మాట్లాడుకున్నదంతా కలిపినా ఐదు గంటలు రాదని నా అంచనా. ఆ అంచనా పైకి చెప్పడం నా రెండో తప్పు.

మొదటి సీనులోనే ప్రమాదం ఉంది. ఒక పత్రికావిడ ఈ దంపతులని ఇంటర్వ్యూ చెయ్యడానికి వస్తుంది. మీ గురించి మీరు చెప్పుకోండి అంటుంది. యోహాన్ మొదలుపెడతాడు, తను తెలివైనవాడు, ఆరోగ్యవంతుడు, సరదా మనిషి, మంచి కొడుకు, మంచి స్నేహితుడు, అలా ఆగకుండా వెళ్తుంటే పెళ్ళిచూపుల్లో మధ్యవర్తి కూడా అంత చెప్పడనిపిస్తుంది. తర్వాత మరియాన్ వంతు. ఆవిడ లాయరు, రోజూ కోర్టు కేసులు చూసే మనిషి. ఆవిడకి తోచింది ఒక్కటే, నేను యోహాన్ భార్యని, నాకిద్దరు కూతుళ్ళు అని. ఇంకేం చెప్పాలో తెలీక ఆగిపోతుంది.

అక్కడ మా ఆవిడ రిమోట్ తీసుకుని ఆపింది.

"మిమ్మల్ని అడిగితే ఏం చెప్తారు?" అంది.

నేను టీ తాగుదామా అన్నాను. దీన్ని తప్పించుకోవడం అనుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళకి కాపురం తెలీదు. రాత్రి తొమ్మిదింటికి ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు టీ అనేది మన పెద్దవాళ్ళు మనకిచ్చి వెళ్ళిన ఆయుధం.

ఇక సినిమాలోని అసలు లోపానికి వస్తాను. విమర్శకులు దీని గురించి పుస్తకాలే రాశారు, ఒక్కరికీ ఇది తట్టలేదు. ఆ ఇంట్లో ఎవరూ మాటకి అడ్డు రారు. ఇద్దరు కూతుళ్ళున్నారంటారు, మొదట్లో ఫొటో కోసం ఓసారి కనిపించాక వాళ్ళు ఎక్కడ తింటున్నారో ఎక్కడ పడుకుంటున్నారో దేవుడికే తెలియాలి. మన ఇంట్లో మొగుడు గొంతు సవరించుకుని "నీతో ఒక మాట చెప్పాలి" అన్నాడనుకోండి, పిల్లాడు వచ్చి రేపు స్కూల్లో ప్రాజెక్టుంది, చార్ట్ పేపరు కావాలంటాడు, రాత్రి తొమ్మిదిన్నరకి. కుక్కర్ మూడో విజిల్ వేస్తుంది. నీళ్ళ ట్యాంకు నిండి పొర్లుతోందని కింద నుంచి వాచ్‌మన్ అరుస్తాడు. ఊళ్ళోంచి అత్తయ్య వీడియో కాల్ చేసి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతుంది కాబట్టి మనకి ఆవిడ చెవిపోగు ఒక్కటే కనిపిస్తుంటుంది. ఇవన్నీ అయ్యేసరికి చెప్పాలనుకున్న మాట ఏమిటో మొగుడికే గుర్తుండదు. పాపం స్వీడన్ వాళ్ళకి ఈ సౌకర్యం లేదు. ఇద్దరు మనుషులని ఒక గదిలో పెట్టి, తలుపేసి, ఐదు గంటలు టైమిస్తే ఏ కాపురమైనా కూలుతుంది, రామలక్ష్మణులైనా పోట్లాడుకుంటారు.

అయితే ఒక్క చోట బెర్గ్‌మన్ మనవాడే అనిపించాడు. రెండో ఎపిసోడ్‌లో వీళ్ళిద్దరూ ప్రతి ఆదివారం మరియాన్ పుట్టింటికి భోజనానికి వెళ్ళడం ఈసారికి మానేద్దామనుకుంటారు. మరియాన్ ధైర్యం చేసి వాళ్ళమ్మకి ఫోన్ చేస్తుంది. రెండు నిమిషాలు నీళ్ళు నమిలి, చివరికి సరేనమ్మా వస్తాం అని పెట్టేస్తుంది. నేను సోఫాలో లేచి కూర్చున్నాను. కోర్టులో జడ్జిల ముందు వాదించే మనిషి, కన్నతల్లి ముందు ఒక్క ఆదివారం సెలవు సంపాదించలేకపోయింది! ఆ ఫోన్ మన దగ్గర ఏ అపార్ట్‌మెంట్‌లో పెట్టినా డైలాగు మార్చక్కర్లేదు.

అదే ఎపిసోడ్‌లో ఇంకో సీనుంది, అది మా ఆవిడ రెండుసార్లు చూసింది. మరియాన్ ఆఫీసుకి విడాకుల కోసం ఒక పెద్దావిడ వస్తుంది, యాకోబి గారు. ఇరవై ఏళ్ళు దాటిన కాపురం. మొగుడు మంచివాడే, ఏ లోటూ చెయ్యలేదు. మరెందుకు విడాకులంటే, ప్రేమ లేదు కాబట్టి అంటుంది, ఫ్యాను రెక్క పని చెయ్యట్లేదన్నంత మామూలుగా. పిల్లలు పెద్దయ్యేదాకా ఆగింది, ఇక ఆగక్కర్లేదు. ఈ మధ్య తనకి ఏం ముట్టుకున్నా సరిగ్గా తెలియట్లేదని, బల్ల మీద చెయ్యి పెట్టి చూపిస్తుంది, తగులుతోంది కానీ ఏదో పల్చగా, పొడిగా ఉందంటుంది. మరియాన్ ముఖం చూడాలి ఆ టైములో.

ఇదే కేసు మా వైపు వస్తే పెద్దమనుషులు పావుగంటలో తేల్చేసేవారు. కొట్టాడా అమ్మా? లేదు. తాగుతాడా? లేదు. జీతం ఇంట్లో ఇస్తాడా? ఇస్తాడు. మరి నీకేం మాయరోగం, వెళ్ళి అన్నం వండు. న్యాయం ఇంత చవగ్గా దొరికే దేశంలో ఉంటూ మనం విలువ తెలుసుకోవట్లేదు అని నేను మా ఆవిడతో అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. రిమోట్‌తో సీను వెనక్కి జరిపి మళ్ళీ పెట్టింది. చూస్తూ సోఫా చెయ్యి మీద అరచెయ్యి ఆనించింది. సోఫా గుడ్డ మాసిందేమో చూస్తోందనుకున్నాను. అలాగే అనుకుంటున్నాను ఇప్పటికీ.

మూడో ఎపిసోడ్ దగ్గరే నా ఫిర్యాదు బలపడింది. యోహాన్ రాత్రి పూట వాళ్ళ పల్లెటూరి ఇంటికి వస్తాడు, ఆవిడ వాడికి తిండి పెడుతుంది, తిన్నాక వాడు నేను పౌలా అనే అమ్మాయిని ప్రేమించాను, రేపు తనతో పారిస్ వెళ్ళిపోతున్నాను అంటాడు. తిన్నాక అని గమనించగలరు, ప్రపంచంలో మగవాళ్ళందరూ ఒకటే. ఆ తర్వాత మరియాన్ చేసిన పని చూసి నేను నిర్ఘాంతపోయాను. వాడు తెల్లారి లేవడానికి అలారం పెడుతుంది. వాడి సూట్‌కేస్ సర్దుతుంది. తనని వదిలేసి పోతున్నవాడి సూట్‌కేస్! వాడు వెళ్ళాక స్నేహితులకి ఫోన్ చేస్తే వాళ్ళందరికీ ఈ సంగతి ముందే తెలుసని తేలుతుంది. మా బ్లాకులో అయితే ముందు వాచ్‌మన్‌కి, తర్వాత పాలవాడికి, ఆ తర్వాత పౌలాకి తెలిసేది.

ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచించాను. రేపొద్దున్న నాకే పారిస్ వెళ్ళిపోవాలనిపించిందనుకుందాం, మాట వరసకి. పాస్‌పోర్ట్ బీరువాలో ఏ అరలో ఉందో నాకు తెలీదు. బీరువా తాళాలు ఎక్కడుంటాయో తెలీదు. బనియన్లు మంచం కింద సొరుగులోకి మారి ఏడాదయిందట, నాకు మొన్న చెప్పారు. బీపీ మాత్ర ఏ రంగుదో తెలుసు, పేరు తెలీదు. నా యాప్ పాస్‌వర్డ్‌లన్నీ ఆవిడ డైరీలో ఉన్నాయి. తెలుగు కాపురాలు ధర్మం మీద నిలబడ్డాయని ప్రవచనకారులు చెప్తుంటారు, వాళ్ళ పంచెలు ఎవరు మడత పెడుతున్నారో ఓసారి అడిగి చూడండి.

నాలుగో ఎపిసోడ్ దాకా నేను దీన్ని నవ్వులాటగానే తీసుకున్నాను. ఐదో దాంట్లో విడాకుల కాగితాల మీద సంతకం పెట్టడానికి వాళ్ళిద్దరూ ఒక సాయంత్రం అతని ఆఫీసులో కలుస్తారు. మాటా మాటా పెరిగి వాడు ఆవిడని నేల మీద పడేసి కొడతాడు. ఫైటని పైన రాశానే, అది ఇదే. దీని మీద జోకు వెయ్యడానికి రెండుసార్లు ప్రయత్నించి కొట్టేశాను. ఆరో దాంట్లో ఇద్దరూ వేరేవాళ్ళని పెళ్ళి చేసుకుని, మళ్ళీ ఒకరినొకరు దొంగచాటుగా కలుసుకుంటుంటారు. మాజీ మొగుడితో అక్రమ సంబంధం! ‘కార్తీకదీపం’ సీరియల్‌లో వంటలక్క డాక్టర్ బాబుకి తన నిజాయితీ రుజువు చేసుకోవడానికి వందల ఎపిసోడ్లు పట్టిన భాష మనది, ఆయనెవరో ఆరింట్లో ఇంత చేశాడంటే దబాయింపు కాక ఏమిటి. పైగా ప్రతి ఎపిసోడ్ చివరా, ఇంత జరిగాక, బెర్గ్‌మన్ తను ఉండే ఫోరో దీవి అందాలు చూపిస్తూ నటీనటుల పేర్లు తనే తాపీగా చదువుతాడు. అప్పటికి ఆయన ఐదో పెళ్ళిలో ఉన్నాడు. మరియాన్‌గా వేసిన లివ్ ఉల్‌మన్‌తో ఆయనకి ఒక కూతురు కూడా ఉంది, వాళ్ళు విడిపోయాకే ఇది తీశారు. అనుభవం ఉన్నవాడికి పోర్ట్‌ఫోలియో ఇస్తే ఇలాగే ఉంటుంది.

సోమవారం నాటికి నా దగ్గర బలమైన ఆధారం దొరికింది. ఈ సీరియల్ వచ్చాక స్వీడన్‌లో విడాకులు ఒక్కసారిగా పెరిగాయని లోకమంతా చెప్పుకుంటుంది. లెక్కలు చూస్తే 1973లో దాదాపు 16 వేలు, 1974లో దాదాపు 27 వేలు. చూశావా, ఒక్క సినిమా పది వేల కొంపలు ముంచింది అని మా ఆవిడకి చూపించాను. ఆవిడ కూర తరుగుతోంది, తలెత్తలేదు.

"అదేం కాదండీ. 1974 జనవరి ఒకటి నుంచి అక్కడ కొత్త చట్టం వచ్చింది. తప్పు ఎవరిదో చెప్పక్కర్లేకుండా విడాకులు ఇచ్చేయడం మొదలుపెట్టారు. అంతకు మూడేళ్ళ ముందే మొగుడికీ పెళ్ళానికీ పన్ను కూడా విడివిడిగా వెయ్యడం మొదలైంది. సినిమా చూసి ఎవరు వెళ్తారు, తలుపు తీశారు, వెళ్ళారు."

"నీకివన్నీ ఎలా తెలుసు?"

"చదివాను. మన దగ్గర కూడా ఇద్దరికీ ఇష్టమైతే విడిపోవచ్చని 1976లోనే పెట్టారు కదా, హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి. ఆరు నెలలు ఆగాలి, కోర్టు తల్చుకుంటే అదీ అక్కర్లేదు."

సెక్షన్ నంబరు కూడా ఎందుకు గుర్తుందని అడగాలనిపించింది. అడిగితే జవాబు వస్తుంది కదా, అందుకని టీ పెట్టడానికి లేచాను. టీపొడి డబ్బా దొరకలేదు.

అధికారులకి నా మనవి ఏమిటంటే, సిగరెట్ సీనొస్తే కింద హెచ్చరిక వేస్తున్నారు కదా, ఈ సినిమాకి కూడా ‘భార్యాభర్తలు విడివిడిగా మాత్రమే చూడవలెను’ అని వెయ్యాలి. కుదరకపోతే ప్రతి ఇరవై నిమిషాలకీ కుక్కర్ విజిల్ సౌండైనా పెట్టాలి. ఈ మనవి రాస్తూ, సాక్ష్యం పక్కాగా ఉండాలని, మొన్న ఆదివారం ఇంట్లో సూట్‌కేస్ కోసం వెతికాను. ఎక్కడికీ వెళ్ళడానికి కాదు, ఊరికే, ఉందా లేదా అని. అటక మీద లేదు. బాల్కనీలో పాత కూలర్ వెనకా లేదు.

"ఆ పెద్ద సూట్‌కేస్ ఏమైంది?" అన్నాను.

"బావగారు అమెరికా వెళ్తూ పట్టుకెళ్ళారుగా. రెండేళ్ళయింది."

"మరి మంచం కింద ఉందే, నీలం రంగుది?"

"అది నాదండీ," అంది చిక్కుడుకాయ ఈనె తీస్తూ. "మొన్ననే కొత్త చక్రాలు వేయించాను."