సొమోసియెర్రాలో ఆ పోలిష్ రౌతుల చేతిలో బల్లెం లేదు

1808 నవంబరు 30న స్పెయిన్‌లోని సొమోసియెర్రా కనుమలో జరిగిన పోరు గురించి ఒక కథ తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: దళనాయకుడు కొజియెతుల్‌స్కీ వెంట 125 మంది పోలిష్ బల్లెం రౌతులు ఎవరి సాయమూ లేకుండా, బల్లేలతో పొడుచుకుంటూ ఎనిమిది నిమిషాల్లో 16 ఫిరంగులను పట్టేసి, నెపోలియన్‌కు మాడ్రిడ్ దారి తెరిచారు, ఆ బల్లేనికి యూరప్‌లో ఏ సైన్యమూ ఎదురు నిలవలేకపోయింది.

తేదీ నిజం. ఫిరంగుల లెక్క, రౌతుల లెక్క దాదాపు సరే. తెగువ గురించి సందేహమే అక్కర్లేదు. కానీ ఈ కథ వాళ్లను పొగుడుతూనే, వాళ్లకు దక్కాల్సిన పేరును వాళ్ల దగ్గర లేని ఆయుధానికి కట్టబెడుతోంది. అందుకే దీన్ని ఊరికే వదిలేయడం నాకు ఇష్టం లేదు.

ముందు బల్లెం సంగతి. ఆ రోజు కనుమలోకి దూకినది నెపోలియన్ గార్డులోని, అంటే ఆయన సొంత ఎంపిక సైన్యంలోని, పోలిష్ తేలికపాటి గుర్రపు దళం. 1807లో పుట్టిన ఈ రెజిమెంటుకు విన్సెంతి క్రశిన్‌స్కీ అధిపతి. అప్పటికి వాళ్ల ఆయుధాలు వంపు కత్తి, పిస్తోళ్లు, పొట్టి తుపాకీ. బల్లేలు వాళ్లకు అందింది 1809లో, వాగ్రాం యుద్ధం తర్వాతే. అంటే సొమోసియెర్రా నాటికి ఇంకా ఏడాది దాకా ఉంది. నలుగురు నలుగురు వరుసగా మాత్రమే పట్టే కొండదారిలో, పొగమంచులో, ఎదురుగా ఫిరంగి గుళ్లు వస్తుంటే వాళ్లు కత్తులు దూసి ఎత్తుకు గుర్రాలు తోలారు. ముందు వరుస కూలితే వెనక వరుస ఆ శవాల మీదుగానే పోవాలి. బల్లేలు తగిలించి బొమ్మ గీస్తే ఈ భయంకరమైన నిజం కనిపించకుండా పోతుంది.

పొరపాటు ఎక్కడ పుట్టిందో ఊహించడం కష్టం కాదు. అదే ఏడాది స్పెయిన్‌లో ఇంకో పోలిష్ గుర్రపు దళం కూడా ఉంది: ఫ్రెంచి సైన్యంలోనే పోలిష్‌వాళ్లతో కూడిన విస్తులా లెజియన్ రౌతులు. వాళ్ల చేతుల్లో బల్లేలు నిజంగానే ఉన్నాయి. 1808 జూన్‌లోనే తుదేలా, మల్యెన్‌ల దగ్గర స్పానిష్ సైన్యం ఆ బల్లేల రుచి చూసింది. రెండు రెజిమెంట్లూ పోలిష్‌వే, యుద్ధమూ ఒకటే. పైగా గార్డు దళం తర్వాతి కాలంలో బల్లెం రౌతుల రెజిమెంటుగానే పేరు తెచ్చుకుంది. ఆ తర్వాతి రూపాన్ని వెనక్కి తెచ్చి 1808కి అంటించేశారు.

ఇక కొజియెతుల్‌స్కీ. దాడి ఆయన ఆజ్ఞతోనే మొదలైంది, ఆ గౌరవం ఆయనదే. అయితే మొదటి ఫిరంగుల దగ్గరే ఆయన గుర్రం కూలింది, ఆయన అక్కడే ఆగిపోయాడు. తర్వాత దళాన్ని ముందుకు నడిపిన కెప్టెన్ యాన్ జెవనోవ్‌స్కీ తీవ్రంగా గాయపడి కొద్ది రోజులకే చనిపోయాడు. ఆయన పడ్డాక పగ్గాలు పియోత్ర్ క్రశిన్‌స్కీ చేతికొచ్చాయి. చివరి ఫిరంగుల దాకా చేరింది ఆంజెయ్ నియెగొలెవ్‌స్కీ, వెంట మిగిలిన కొద్దిమంది. ఈ 21 ఏళ్ల లెఫ్టినెంటు నిజానికి దాడి మొదలైనప్పుడు అక్కడ లేడు. ముందస్తు గస్తీకి వెళ్లి తిరిగొచ్చి, దళం కదులుతుంటే తోకలో కలిశాడు. అలాంటివాడు ఆఖరి ఫిరంగుల మధ్య బాయ్‌నెట్ పోట్లు, గుళ్లు కలిపి 11 గాయాలతో పడిపోయాడు. దాడికి దిగిన అధికారుల్లో చావూ గాయమూ తప్పించుకున్నవాడు లేడు. ఒక్క పేరుతో కథ ముగించేవారికి ఈ మిగతా పేర్లు ఎందుకు బరువయ్యాయో నాకు అర్థం కాదు.

"ఎవరి సాయమూ లేకుండా" అన్న మాట నిలవదు. రౌతులు దారి వెంట దూకుతున్న వేళకే ఫ్రెంచి జనరల్ రుఫాన్ డివిజన్ పదాతిదళం కనుమకు రెండు పక్కలా కొండలెక్కుతోంది. దారిని పట్టుకుని ఇంకో రెజిమెంటు నడుస్తోంది. ముందుగా దూకిన స్క్వాడ్రన్ (రెజిమెంటులో ఒక భాగం) నలిగిపోయాక వెనకనుంచి మిగతా పోలిష్ రౌతులు, గార్డులోని ఫ్రెంచి రౌతులు వచ్చి గెలుపును నిలబెట్టారు. ఫిరంగులు చేజారడం చూసి స్పానిష్ సేనాని బెనితో దె సాన్ హువాన్ సైనికులు చెదిరిపోయారు. వాళ్లలో చాలామంది కొత్తగా చేర్చుకున్నవాళ్లు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కథ కూడా ఒకప్పుడు నడిచింది. ఫ్రెంచి చరిత్రకారుడు తియేర్ ఈ దాడి ఘనతను ఫ్రెంచి జనరల్ మోంబ్రున్‌కు ఇచ్చేశాడు. అది చదివి ఊరుకోలేక, అప్పటికి వృద్ధుడైన నియెగొలెవ్‌స్కీయే 1854లో పారిస్‌లో ఖండన అచ్చువేయించాడు. గాయాలు తిన్న మనిషి తన తోటివాళ్ల కోసం రాసిన సమాధానం అది. ఆ పోరులో పోలిష్ రౌతుల పాత్రను తగ్గించాలనుకునేవాళ్లు ముందు దానికి జవాబు చెప్పాలి.

చివరిది, బల్లేనికి ఎదురులేదన్న మాట. దీనికి స్పెయిన్‌లోని అల్బువేరా యుద్ధాన్ని సాక్ష్యంగా చూపిస్తారు. 1811 మే 16న అక్కడ విస్తులా రౌతులు, ఫ్రెంచి హుస్సార్లు (తేలికపాటి కత్తిరౌతులు) కలిసి కోల్‌బోర్న్ బ్రిగేడులో మూడు బ్రిటిష్ బెటాలియన్లను కొద్ది నిమిషాల్లో తుడిచిపెట్టిన మాట నిజమే. అయితే ఎలా? ఆ బెటాలియన్లు సన్నని వరుసల్లో నిలబడి ముందున్న ఫ్రెంచి పదాతిదళాన్ని కాలుస్తున్నాయి. జోరువాన, వడగళ్లు చూపును కమ్మేశాయి, తుపాకీమందును తడిపేశాయి. రౌతులు పక్కనుంచి, వెనకనుంచి వచ్చి పడ్డారు. అదే బ్రిగేడులో నాలుగోదైన 31వ రెజిమెంటుకు నాలుగు వైపులా బాయ్‌నెట్లతో చదరంగా నిలబడే వ్యవధి దొరికింది. అది నిలిచింది. వాన అదే, బల్లేలు అవే.

1815 జూన్ 17న, వాటర్లూ ముందు రోజు, జెనాప్ ఊరిలో బల్లెం బలమూ బలహీనతా ఇంకా స్పష్టంగా తేలాయి. అక్కడివాళ్లు ఫ్రెంచి బల్లెం రౌతులు. ఇరుకు వీధిలో, రెండు పక్కలా ఇళ్లు కాపు కాస్తుంటే, వాళ్ల బల్లేల మొనల వరుసను బ్రిటిష్ 7వ హుస్సార్లు పదే పదే ఢీకొన్నా ఛేదించలేకపోయారు. అదే రౌతులు గెలుపు ఊపులో ఊరు దాటి బయటికొచ్చాక పెద్ద గుర్రాల మీది బ్రిటిష్ లైఫ్ గార్డ్స్ రౌతులు వచ్చి పడి, తిరిగి వీధిలోకి తరిమేశారు. కత్తిరౌతు ఒకసారి మొన దాటి లోపలికి చొరబడితే పొడవైన కర్ర పట్టుకున్నవాడికి తిప్పుకునే చోటుండదు. ఇంత తెలిసీ బ్రిటన్ 1816లో తన రెజిమెంట్లు కొన్నింటికి బల్లేలిచ్చింది. చెదిరిన పదాతిదళాన్ని తరమడానికి, పక్కనుంచి కొట్టడానికి అది గొప్ప ఆయుధమేనని వాళ్లకు అల్బువేరా నేర్పింది.