కడుపులో చల్ల కదలకుండా

మొన్న మా వంటింట్లో చెంచాల సొరుగు మూతపడలేదు. బలవంతాన లాగి చూస్తే, విప్పని పొట్లాల్లో 41 ప్లాస్టిక్ చెంచాలు తేలాయి. చెంచాలు వద్దని ముందే చెప్పుకునే గడి, భోజనం ఇంటికి తెప్పించే యాప్‌లో ఉంటుందని తెలియక కాదు. ఆకలి మీదున్నవాడి కంటికి గడులు ఆనవు. అయినా, ఈ భోజనాల యాప్‌లు మనుషులను పిండుతున్నాయని, చెత్త పెంచుతున్నాయని కొందరు పనిగట్టుకుని విమర్శిస్తున్నందున, వాటి తరఫున నాలుగు మాటలు చెప్పడం లబ్ధిదారుగా నా విధి అని భావిస్తున్నాను.

ముందుగా గౌరవం సంగతి. వీపున సంచి మోసుకొచ్చే మనిషిని పాతకాలపు యజమాని అయితే కూలివాడనేవాడు; యాప్ మాత్రం 'భాగస్వామి' అంటుంది. బండి ఆయనదే, పెట్రోలు ఆయనదే, ఫోను ఆయనదే, టైరు పంక్చరైతే ఆ పంక్చరూ ఆయనదే. ఇన్నిట్లో వాటా ఉన్నవాడిని భాగస్వామి అనక ఏమనాలి? హోటలు గుమ్మం దగ్గర పొట్లం కోసం నిలబడ్డ సేపు చాలాచోట్ల లెక్కలోకి రాదంటే, నిలబడటం విశ్రాంతి కిందికే వస్తుంది కదా. ఇంతటి స్వేచ్ఛ విలువ తెలియని స్పెయిన్ 2021లో చట్టం తెచ్చి, ఈ స్వతంత్ర వ్యాపారులను ఉద్యోగులుగా పరిగణించాలంది. అది చాలదన్నట్టు, అల్గారిథం, అంటే యాప్‌ను నడిపే కంప్యూటరు సూత్రం, ఏ లెక్కన పని పంచుతుందో కార్మికుల ప్రతినిధులకు చెప్పి తీరాలంది. 2024లో ఐరోపా సమాఖ్య మరో అడుగు వేసి, ఒక భాగస్వామి యాప్ ఖాతా మూసేసే నిర్ణయం యంత్రం ఒక్కటే తీసుకోకూడదని, దాన్ని మనిషే తీసుకోవాలని ఆదేశించింది. మొహమాటం లేని యంత్రాన్ని పక్కన పెట్టి, జాలిపడే ప్రమాదమున్న మనిషికి ఆ పని అప్పగించడం ఎంత సాహసమో ఆలోచించండి.

నాకు మాత్రం అలాంటి బలహీనత లేదు. ఒక వాన రాత్రి ఆరు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన భాగస్వామి, గుమ్మం ముందున్న పట్టా తడుస్తుందని దాని మీద కాలు పెట్టకుండా, చెయ్యి చాచి పొట్లం అందించాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. రెయిన్‌కోటు ఏదని చూస్తే, అది సంచి మీద కప్పి ఉంది. "సార్, ఓటీపీ చెప్పండి. ఫైవ్ స్టార్ ఇవ్వండి సార్" అన్నాడు. భోజనం వేడిగానే ఉంది. కానీ ఆరు నిమిషాలు ఆరు నిమిషాలే కనుక, నిష్పక్షపాతంగా నాలుగు చుక్కలిచ్చాను.

ఇక హోటళ్ళవారి గోల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఆర్డరు విలువలో 15 నుంచి 30 శాతం దాకా కమిషన్ పోతోందని, మనకు యాప్ ప్రకటించే తగ్గింపుల్లోనూ కొంత తామే భరించాల్సి వస్తోందని వారి ఫిర్యాదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడన్న సామెతను ఇన్నాళ్ళూ నిందగా వాడాం. అది వ్యాపార నమూనా అని గుర్తించలేకపోయాం.

పర్యావరణం విషయంలో జరుగుతున్నదైతే పచ్చి అన్యాయం. ఒక్క మనిషి భోజనానికి బయట ఒక కవరు, దానికి కత్తెరతో తప్ప ఊడని ముడి, లోపల కాగితం సంచి, సంచికి సీలు, డబ్బాకు మూత, మూత చుట్టూ పల్చటి పొర, పక్కన గోరంత గిన్నెలు రెండు. పెళ్ళికూతురిని కూడా ఇంత జాగ్రత్తగా పంపరు. అందులోనూ నల్ల డబ్బాది ప్రత్యేక ప్రతిభ. ఆ నలుపు కోసం కలిపే కార్బన్ బ్లాక్ అనే రంగు, ప్లాస్టిక్ రకాలను వేరుచేసే యంత్రాలు ప్రసరించే పరారుణ కాంతిని మింగేస్తుంది గనుక, ఆ యంత్రాలకు డబ్బా కనిపించదు. అలా అది రీసైక్లింగును తప్పించుకుని నేరుగా చెత్తకుప్ప చేరుతుంది. కాగితం డబ్బాలే నయమనుకునే అమాయకులు దాని లోపలి గోడను గోటితో గీరి చూడాలి. నూనె పీల్చకుండా అతికించిన ప్లాస్టిక్ పొర లేచి వస్తుంది. మట్టిలో కలిసిపోతుందని ఆకుపచ్చ అక్షరాలతో రాసుకున్న డబ్బాల్లో చాలావాటికి దాదాపు 60 డిగ్రీల వేడి నిలిచే పెద్ద కంపోస్టు కేంద్రం కావాలి. నేను ఒకదాన్ని పూలకుండీలో పాతిపెట్టాను. ఏడాది తర్వాత తవ్వితే, మొక్క పోయింది, డబ్బా ఉంది.

అందువల్ల కంపెనీలకు నాదొక చిన్న సూచన. పొట్లం నా గుమ్మం చేరగానే మ్యాపును ఆపేయకండి. 'మీ డబ్బా చెత్తబండి ఎక్కింది', 'మీ డబ్బా కాలువ మలుపు దగ్గర ఉంది', 'గమ్యం చేరడానికి అంచనా సమయం కొన్ని వందల సంవత్సరాలు' అని వరసగా సందేశాలు పంపండి. ఆ ఒక్క ప్రయాణంలో మాత్రం, ఆలస్యమైందని ఎవరికీ చుక్క తగ్గించనని హామీ ఇస్తున్నాను.