ఖాళీ కుర్చీలకు జవాబుదారీ ఎవరు?

షికాగోలో మళ్లీ స్టేడియాల బేరం నడుస్తోంది. బేర్స్ ఫుట్‌బాల్ జట్టుకు కొత్త స్టేడియం కావాలి. వైట్ సాక్స్ బేస్‌బాల్ జట్టుకూ కావాలి. రెండూ ప్రైవేటు జట్లే, రెండింటి చూపూ ప్రజల ఖజానా మీదే. ఇన్ని వేల ఉద్యోగాలు, ఇన్ని కోట్ల పన్నులు, ఇంతమంది ప్రేక్షకులు అంటూ అంచనాల చిట్టా ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. ఆ అంకెలను నమ్మే ముందు నగర పెద్దలు జనవరిలో ఏదో ఒక మంగళవారం రాత్రి విన్‌ట్రస్ట్ అరీనాకు వెళ్లి ఒక గంట కూర్చోవాలి. డిపాల్ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ జట్టు ఆడేది అక్కడే. హాలులో సీట్లు 10,387. ఎదురుగా పేరున్న జట్టు వస్తే తప్ప వరసలకు వరసలు ఖాళీ. ఆ ఖాళీ కుర్చీల్లో ప్రజల డబ్బు ఉంది కాబట్టే ఈ విషయాన్ని క్రీడల పేజీకి వదిలేయలేకపోతున్నాం.

కథ పాఠకులకు తెలిసిందే. 2013 మే నెలలో అప్పటి మేయర్ రామ్ ఇమాన్యుయెల్, గవర్నర్ ప్యాట్ క్విన్ కలిసి మెకార్మిక్ ప్లేస్ అనే సమావేశ కేంద్రం పక్కన డిపాల్ జట్టు కోసం ఈ అరీనా కడతామని ప్రకటించారు. అంచనా వ్యయం 17.3 కోట్ల డాలర్లు. డిపాల్ వాటా 7 కోట్లు. మెకార్మిక్ ప్లేస్‌ను నడిపే ప్రభుత్వ సంస్థ, అంటే జనం మెక్‌పియర్ అని పిలిచేది, మరో 7 కోట్లు. మిగతా 3.3 కోట్లు నగరం 'టిఫ్' పద్దు నుంచి ఇస్తుందన్నారు. ఒక ప్రాంతంలో పెరిగిన ఆస్తిపన్నును బడులకూ పార్కులకూ పోనివ్వకుండా ఆపి, అభివృద్ధి పేరిట ఖర్చుపెట్టే పద్దు అది. షికాగో ఆస్తిపన్ను బిల్లులో సగానికి పైగా వాటా బడులదే. పక్కకు మళ్లించిన ప్రతి డాలరులోనూ పిల్లల వాటా ఎంతో లెక్క వేసుకోవడం కష్టమేమీ కాదు.

అదే నెల 22న ఏం జరిగిందో కూడా గుర్తుచేయాలి. డబ్బు లేదంటూ, పిల్లలు తగ్గిపోయారంటూ నగర విద్యాబోర్డు దాదాపు 50 ప్రభుత్వ పాఠశాలల మూసివేతకు ఓటు వేసింది. వాటిలో ఎక్కువ నల్లజాతి పేదలుండే పేటల్లోనివి. తల్లులు రోడ్డెక్కారు, టీచర్లు రోడ్డెక్కారు. బడికి లేని డబ్బు బంతాటకు ఎక్కడిదని అడిగారు. ఆ ప్రశ్న గట్టిగా తగిలాక నగరం మాట మార్చింది. టిఫ్ సొమ్ము అరీనాకు కాదట, పక్కన హోటల్‌కూ స్థలానికీనట. ఒకే ప్రాజెక్టులో ఏ పద్దు కింద రాసుకుంటేనేం, పోయింది అదే ఖజానా నుంచి కదా.

బడుల విషయంలో అధికారులు వాడిన వాదనను ఒక్కసారి చూడండి. ఫలానా బడిలో ఇంతమందికి చోటుంది, చదువుతున్నది ఇంతమందే, కనుక అది దండగ, మూసేద్దాం. తరగతి గదిలో ఖాళీ బెంచీలు లెక్కపెట్టి బడికి తాళం వేసిన నగరమే, ఖాళీ కుర్చీలకు పేరుపడ్డ జట్టుకు పది వేల సీట్ల హాలు కట్టించింది. పేదపిల్లల బెంచీకి ఒక కొలత, అరీనా కుర్చీకి ఇంకో కొలత. పన్నెండేళ్లు దాటినా ఈ రెండు నాల్కల వ్యవహారం మాకు మింగుడుపడటం లేదు.

ఖాళీ కుర్చీలకు పేరుపడ్డ జట్టు అని ఊరికే అనడం లేదు. డిపాల్ జట్టు అంతకుముందు ఓహేర్ విమానాశ్రయం దగ్గర రోజ్‌మాంట్‌లో, 17 వేలకు పైగా సీట్లున్న హాలులో ఆడేది. ప్రకటించిన హాజరులో సగం మంది కూడా నిజంగా గేటు దాటడం లేదని స్థానిక పత్రికలు అరీనా ప్రకటన నాటికే రికార్డులు తవ్వి బయటపెట్టాయి. నగరంలోనే ఉన్న యునైటెడ్ సెంటర్ యజమానులు పదేళ్లపాటు అద్దె లేకుండా ఆడుకోమని పిలిచారు. దాదాపు 21 వేల మంది పట్టే ఆ హాలులో తమ ఆట వెలవెలబోతుందనో, సొంత ఇల్లు కావాలనో, విశ్వవిద్యాలయం వద్దంది. అది వాళ్లిష్టం. ఉచితంగా దొరికే హాలును కాదన్నవాళ్ల కోసం ప్రభుత్వం కొత్త హాలు ఎందుకు కట్టాలన్నదే అసలు ప్రశ్న. హాలు దాదాపు నిండుతుందన్న అంచనా చూపించి ఆ ప్రశ్న నోరు నొక్కేశారు.

ఈ హాజరు లెక్క ఎలా తయారవుతుందో కాస్త దగ్గర్నుంచి చూడాలి. ఆట ముగిశాక స్కోరుకార్డు అడుగున 'హాజరు' అని ఒక సంఖ్య అచ్చవుతుంది. కాలేజీ ఆటల్లో చాలాచోట్ల అది అమ్మిన టికెట్లు, పంచిన పాసులు కలిపి వేసిన మొత్తం. ఏదో కంపెనీ కొని ఆఫీసు డ్రాయర్‌లో పడేసిన సీజన్ టికెట్ కూడా ఆ లెక్కలో ఒక మనిషే. మంచు పడుతోందని ఇంట్లోనే ఉండిపోయిన పూర్వ విద్యార్థి టికెట్టూ మనిషే. గేటు దగ్గర స్కానర్ కింద పెట్టిన టికెట్ల లెక్క వేరే ఉంటుంది. పార్కింగ్ డబ్బు కట్టేది, పాప్‌కార్న్ కొనేది, ఆట అయ్యాక పక్క హోటల్‌లో భోంచేసేది ఆ స్కానర్ దాటి లోపలికొచ్చిన మనిషే. డ్రాయర్‌లోని టికెట్ నగరానికి ఒక్క సెంటు పన్ను కూడా తేదు. అయినా అంచనాలు రాసేవాళ్లకు ఇష్టమైన లెక్క మొదటిదే. రెండోది కావాలంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూడాలి. ప్రజల హాలులోకి ఎంతమంది వచ్చారో ప్రజలు అర్జీ పెట్టుకుని తెలుసుకోవాల్సి రావడం సిగ్గుచేటు.

అరీనాను సమర్థించేవాళ్ల వాదనలూ ఉన్నాయి. అక్కడ మహిళల ప్రొఫెషనల్ జట్టు షికాగో స్కై ఆడుతోంది, 2021లో ఆ నేల మీదే కప్పు గెలిచింది, కచేరీలూ సమావేశాలూ జరుగుతున్నాయి, డిపాల్ తన వాటాను 8.25 కోట్లకు పెంచుకుంది అంటారు. నిజమే. కానీ 2013లో జనానికి చెప్పింది ఆ కథ కాదు. స్కై జట్టు అప్పటికి ఆ ప్రణాళికలోనే లేదు. ఒక విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ ఆటకు వేలాదిమంది పోటెత్తుతారన్న అంచనాతో ముడిపెట్టి అమ్మిన హాలు అది. ఆ అంచనా తప్పితే తప్పిందని ఒప్పుకోవాలి. ఇంకెవరో వచ్చి ఆడుతున్నారు కదా అని చేతులు దులుపుకుంటే కుదరదు.

జట్టు గెలవడం మొదలుపెడితే జనం వాళ్లంతట వాళ్లే వస్తారన్నది ఇంకో వాదన. న్యూయార్క్‌నే చూడమంటారు. అక్కడి సెయింట్ జాన్స్ విశ్వవిద్యాలయం జట్టు కోచ్ రిక్ పిటీనో చేతుల్లోకి వచ్చాక 2025లో, డిపాల్ కూడా ఆడే బిగ్ ఈస్ట్ లీగ్‌లో ఒంటరిగా అగ్రస్థానం దక్కించుకుంది. 1985 తర్వాత అదే మొదటిసారి. ఆ జట్టు ఆడే మాడిసన్ స్క్వేర్ గార్డెన్ హాలు కిటకిటలాడింది. గెలిస్తే జనం వస్తారు, ఎవరూ కాదనరు. డిపాల్ చివరిసారి కాలేజీ జట్ల జాతీయ పోటీకి, అంటే ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కు వెళ్లింది 2004లో. 2023–24 సీజన్‌లో 32 ఆటలాడి 29 ఓడింది, లీగ్‌లో ఆడిన 20కి 20 ఓడింది. మధ్యలోనే కోచ్‌ను మార్చారు. కొత్త కోచ్ క్రిస్ హోల్ట్‌మన్ వచ్చాక మరుసటి ఏడాది 14 ఆటలు గెలిచారు. పిల్లలు కష్టపడుతున్నారు, వాళ్లనేమీ అనడం లేదు. ఆటలో గెలుపోటములు ఎవరి చేతుల్లోనూ లేవు. సరిగ్గా అందుకే, గెలుపు మీద పందెం కాయాలనుకున్నవాళ్లు సొంత డబ్బుతో కాయాలి. బడి డబ్బుతో కాదు.

విద్యార్థులకు ఉత్సాహం లేదని నెపం వాళ్ల మీదికి నెట్టేవాళ్లూ ఉన్నారు. ఇది మరీ అన్యాయం. డిపాల్ ప్రధాన క్యాంపస్ ఉన్నది ఉత్తరాన లింకన్ పార్క్‌లో. ఆట చూడాలంటే పిల్లలు ఫులర్టన్ స్టేషన్‌లో రెడ్ లైన్ ఎక్కి, రూజ్‌వెల్ట్‌లో గ్రీన్ లైన్‌కు మారి, సెర్మాక్–మెకార్మిక్ ప్లేస్‌లో దిగి నడవాలి. ఆ స్టేషన్ కూడా 5 కోట్ల డాలర్ల టిఫ్ డబ్బుతో కట్టి 2015లో తెరిచిందే. చెవులు గడ్డకట్టే చలిలో, మర్నాడు క్లాసు పెట్టుకుని, టీవీవాళ్లు ఖాయం చేసిన టైముకు మొదలయ్యే ఆటకు ఎంతమంది బయల్దేరుతారు? 1979లో రే మేయర్ శిక్షణలో డిపాల్ ఫైనల్ ఫోర్‌కు, అంటే ఆ జాతీయ పోటీ సెమీఫైనల్స్‌కు వెళ్లిన రోజుల్లో ఆటలు క్యాంపస్‌లోని అలమ్నై హాల్‌లోనే జరిగేవి. హాస్టల్ గదిలోంచి చెప్పులేసుకుని వెళ్లొచ్చేంత దూరం. అదే నగరంలో లయోలా విశ్వవిద్యాలయం ఇప్పటికీ క్యాంపస్‌లోనే, 4,500 సీట్లు కూడా లేని హాలులో ఆడుతోంది. 2018లో ఫైనల్ ఫోర్‌కు వెళ్లింది కూడా ఆ చిన్న హాలు నుంచే. పిల్లలున్న చోట ఆట పెట్టాలి. ఈ చిన్న విషయం తట్టకుండా కోట్లు కుమ్మరించారు.

ఈ గొడవ మనకెందుకనే తెలుగు పాఠకులు ఉండొచ్చు. మెక్‌పియర్ అప్పులకు ముందు హోటళ్ల పన్ను, రెస్టారెంట్ల పన్ను, అద్దెకార్ల పన్ను హామీ. అవి చాలకపోతే ఇల్లినాయ్ రాష్ట్ర సేల్స్ ట్యాక్సు హామీ. కరోనా కాలంలో హోటళ్లు బోసిపోయినప్పుడు ఆ హామీని వాడుకోక తప్పలేదు. నేపర్‌విల్, అరోరా, షామ్‌బర్గ్ లాంటి శివారు ఊళ్లలో కాపురముండి విన్‌ట్రస్ట్ అరీనా గడప తొక్కని మన కుటుంబాలు కూడా ఆ హామీలో భాగస్వాములే. ఇక మన పిల్లల సంగతి. షికాగో విశ్వవిద్యాలయాల ఎంఎస్ కోర్సులకు పొలం అమ్మో, బ్యాంకు లోను తీసుకునో పంపే తల్లిదండ్రులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. 2025లో వీసాల కష్టాల మధ్య డిపాల్‌లో విదేశీ విద్యార్థులు 30 శాతం తగ్గారు. కొత్తగా చేరిన విదేశీ పీజీ విద్యార్థులు దాదాపు 62 శాతం తగ్గారు. ఆ దెబ్బకు ఖర్చులు కోసుకుంటామని విశ్వవిద్యాలయమే ప్రకటించింది. సముద్రాలు దాటి వచ్చే పిల్లల ఫీజు మీద ఒక సంస్థ ఎంతగా ఆధారపడిందో దీన్నిబట్టే తెలుస్తోంది. అలాంటి సంస్థ అరీనా మీద పెట్టిన 8.25 కోట్లకు ఏం తిరిగొచ్చిందో ఆ పిల్లలకూ, వాళ్లను కన్నవాళ్లకూ చెప్పాలి.

అన్నిటికంటే మమ్మల్ని కలవరపెడుతున్నది ఈ అరీనా వేసిన దారి. 2013 అంచనాలకు ఎవరూ జవాబు చెప్పలేదు. నివేదిక రాసిన కన్సల్టెంట్ తన ఫీజు తీసుకుని వెళ్లిపోయాడు, రిబ్బను కత్తిరించిన నాయకుడు పదవి దిగి వెళ్లిపోయాడు. అంకె తప్పినా ఎవరికీ ఏమీ కాదని అందరికీ అర్థమైపోయింది. ఆ భరోసాతోనే 2024 ఏప్రిల్‌లో బేర్స్ యాజమాన్యం 470 కోట్ల డాలర్ల ప్రణాళిక పట్టుకొచ్చింది. అందులో ప్రజల వాటా దాదాపు 240 కోట్లు. ఆ జట్టు ఆడే సోల్జర్ ఫీల్డ్ స్టేడియాన్ని 2003లో బాగుచేసిన అప్పే ఇంకా తీరలేదు. వైట్ సాక్స్ కూడా అదే ఏడాది వంద కోట్ల స్థాయిలో అడిగింది. తర్వాత స్థలాలు మారాయి, మొత్తాలు మారాయి, చేయి చాచడం మాత్రం ఆగలేదు. పదిహేడు కోట్ల హాలు దగ్గర లెక్క అడగనివాళ్లు వందల కోట్ల స్టేడియం దగ్గర అడుగుతారని ఎలా నమ్మాలి?

ఇంకోవైపు షికాగో ప్రభుత్వ పాఠశాలలు 2025లో 73.4 కోట్ల డాలర్ల లోటుతో బడ్జెట్ మొదలుపెట్టాయి. మళ్లీ అదే పాట, డబ్బు లేదు. అప్పుడు ఖాళీ బెంచీలన్నారు, ఇప్పుడు లోటంటున్నారు. బడి దగ్గరికి వచ్చేసరికి ప్రతి డాలరునూ భూతద్దంలో చూసే అధికారులు స్టేడియం దగ్గర కళ్లు మూసుకోవడాన్ని ఈ పత్రిక ఒప్పుకోదు.

మేము కోరుతున్నది పెద్దదేమీ కాదు. విన్‌ట్రస్ట్ అరీనాలో 2017 నవంబరు నుంచి జరిగిన ప్రతి డిపాల్ ఆటకూ గేటు దగ్గర స్కాన్ అయిన టికెట్లు ఎన్నో మెక్‌పియర్ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. పక్కనే ఆ రోజు ప్రకటించిన హాజరు, దాని పక్కన 2013లో వేసిన అంచనా ఉండాలి. మూడు నిలువు వరసలు. ఒక గుమాస్తా రెండు పూటల్లో చేసే పని. అది బయటికొచ్చేదాకా ఏ స్టేడియానికీ, ఏ పేరుతోనూ, రోడ్లనో డ్రైనేజీ అనో చెప్పి ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. నగర సభ్యులారా, రాష్ట్ర శాసనసభ్యులారా, మీరు ఓటేసింది మీ జేబులోని డబ్బు మీద కాదు. బడి పోగొట్టుకున్న పిల్లలు ఈపాటికి ఓటర్లయ్యారు. వాళ్లు అడిగేదాకా ఆగకుండా ఆ లెక్క మీరే బయటపెట్టండి.