సవరణ: పోర్ట్‌రష్‌కు ఓపెన్ కొత్త కాదు

ఉత్తర ఐర్లాండ్‌లోని పోర్ట్‌రష్ పట్టణం 2019లో ‘ది ఓపెన్’ గోల్ఫ్ పోటీకి ముస్తాబైన తీరుపై పెట్టిన టపాలో, ఆ పోటీ అక్కడికి రావడం అదే తొలిసారి అని ఉంది. దాన్ని ‘68 ఏళ్ల తర్వాత మళ్లీ’ అని చదువుకోగలరు. 1951లోనే అక్కడి రాయల్ పోర్ట్‌రష్ గోల్ఫ్ క్లబ్బులో ఓపెన్ జరిగింది, మాక్స్ ఫాక్నర్ గెలిచారు.

‘మైదానమంతా తిరగరాశారు’ అన్నదీ అతిశయోక్తే. ముఖ్యమైన మార్పు రెండు హోల్స్‌దే (హోల్ అంటే బంతిని తొలిసారి కొట్టే చోటు నుంచి అది పడాల్సిన గుంట దాకా ఉండే నేల). పాత 17, 18 హోల్స్ స్థలాన్ని ప్రేక్షకుల గుడారాలకు వదిలి, పక్కనున్న, అదే క్లబ్బు మరో మైదానమైన వ్యాలీ కోర్సు నేలలో, ఇసుక దిబ్బల నడుమ కొత్తగా 7, 8 హోల్స్ వేశారు. ఇందుకు క్లబ్బు సభ్యులు ఓటు వేసి మరీ ఒప్పుకున్నారు. తాము రోజూ ఆడుకునే నేలను తవ్వనివ్వడం చిన్న సంగతేమీ కాదు లెండి. టపాలోని కొత్త రైల్వే స్టేషన్ మాట మాత్రం నిజమే, పోటీకి ముందే తెరిచారు.