డ్యాష్‌బోర్డు దొరవారికి ఒక విన్నపం

వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేరైన వర్డ్‌ప్రెస్‌కు అదుపు తెరగా వెలసిన మహారాజశ్రీ వర్డ్‌ప్రెస్ డ్యాష్‌బోర్డు దొరవారి సముఖమునకు, పర్లాకిమిడి నుండి ఒక చిన్న తెలుగు గ్రంథాలయ కార్యదర్శి నమస్కరించి వ్రాయు విన్నపం.

కోడ్ రానివారు సైతం తమ రాతలను తామే వెబ్‌సైటులో పెట్టుకోవచ్చునని 2003 నుండి తమరు అభయమిస్తున్నారు. అందులో అబద్ధం లేదు. వ్యాసం డేటాబేసులోను, దాని రంగూ రూపమూ థీమ్‌లోను విడివిడిగా ఉంటాయి కనుక, థీమ్ మార్చినా వ్యాసం చెక్కుచెదరదు. ఇంత చక్కటి ఏర్పాటును ఎడమవైపు మెనూలో ఎక్కడా ఒక్క ముక్కలోనైనా చెప్పకపోవడం తమ పెద్దరికానికి తగినదే.

తేదీల వరుసలో కిందికి జరిగిపోయే వార్త పోస్టు అనీ, పనివేళల వంటి స్థిరమైన సమాచారం పేజీ అనీ తెలియక, మా సభ్యులొకరు ఉగాది కవిసమ్మేళనం ఆహ్వానాన్ని పేజీగా పెట్టారు. అది వార్తలలో కనబడనే లేదు. కవులు వచ్చారు, శ్రోతలు రాలేదు. (కవులకు ఇది కొత్త కాదు.)

తమ దివాణంలో హోదాలు ఐదు. కంట్రిబ్యూటర్ రాయవచ్చును గాని ప్రచురించలేడు, ఫొటో కూడా ఎక్కించలేడు. సైటు కట్టిన కుర్రవాడు అన్ని అధికారాలూ గల అడ్మినిస్ట్రేటర్ హోదాను వెంటబెట్టుకొని భువనేశ్వర్ ఉద్యోగానికి వెళ్లిపోగా, మా అధ్యక్షులవారు కంట్రిబ్యూటర్‌గా మిగిలారు.

అసలు బాధ పర్మాలింకుతో, అంటే ప్రతి వ్యాసానికీ ఉండే వెబ్ చిరునామాతో. తమరు శీర్షికనుండే చిరునామా అల్లుతారు, దానికి 200 గుర్తుల చోటు ఇస్తారు. ఇంగ్లీషు అక్షరానికి ఒక గుర్తు చాలు. తెలుగును మాత్రం శాతం గుర్తులతో కూడిన సంకేతాలుగా మార్చి లెక్కిస్తారు కనుక, హల్లుకు 9, దానికి తగిలించిన గుణింతానికి మరో 9, ఒత్తుకు ముందు వచ్చే పొల్లుకు ఇంకో 9. ఒక్క ‘క్ష’కే 27 ఖర్చు. అందుచేత ‘శ్రీకృష్ణదేవరాయల జయంతి సభ’ అని పెడితే చిరునామాలో ‘స’ దగ్గరే చోటు అయిపోయి ‘భ’ గల్లంతవుతుంది. మిగిలినది కూడా వాట్సాప్‌లో పంపేసరికి శాతం గుర్తుల చాంతాడుగా మారుతుంది. జనం మాట్లాడే తెలుగునే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఇక్కడి తెలుగు సభకు ఇంగ్లీషు అక్షరాలతో పొట్టి చిరునామా మేమే టైపు చేసుకోవలసి వస్తున్నది.

చెత్తబుట్టలో వేసినదాన్ని 30 రోజులు భద్రపరచే దయ మాత్రం తమకున్నది. ఈ విన్నపాన్ని అందులోనే వేసినా, గడువులోగా ఒకసారి చదవగలరని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయ కంట్రిబ్యూటర్