ఇంటర్నెట్ వేగానికి ఎవరి డబ్బు?

అమెరికాలో స్థిరపడ్డ ఒక తెలుగింట్లో జరిగిన వాదన ఇది. బాబాయ్ టెలికాం ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. అమ్మాయి నెట్‌వర్కింగ్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. వేగవంతమైన నెట్‌వర్క్‌ల మీద మౌలిక పరిశోధనకు ప్రభుత్వం పన్నుల డబ్బు పెట్టాలా అన్నది ప్రశ్న.

బాబాయ్: అక్కర్లేదంటాను. గాజు ఫైబర్‌లో కాంతితో సమాచారం దూరాలకు పంపొచ్చని 1966లో చార్లెస్ కావ్ చూపింది ఒక కంపెనీ ల్యాబ్‌లోనే. పనికొచ్చే ఫైబర్‌ను 1970లో తయారుచేసింది కార్నింగ్ కంపెనీ. 1995లో ప్రభుత్వం యూనివర్సిటీలను కలిపే తన నెట్‌వర్క్ ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్‌ను మూసేశాకే కదా ఇంటర్నెట్ ఇంటింటికీ వచ్చింది?

అమ్మాయి: మూసేసేనాటికే అది నడుస్తున్న నెట్‌వర్క్, బాబాయ్. 1986లో సెకనుకు 56 కిలోబిట్లతో (56 వేల బిట్లు) మొదలై, 1991కల్లా 45 మెగాబిట్లకు (నాలుగున్నర కోట్ల బిట్లు) చేరింది. కంపెనీలు అందుకున్నది దాన్ని. 1960ల్లో పాల్ బారన్ సమాచారాన్ని ముక్కలు చేసి పంపే పద్ధతి చెప్తే, ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ వాళ్లు కుదరదన్నారు. 1969లో రక్షణ శాఖ డబ్బుతో వచ్చిన ఆర్పానెట్, అంటే ఇంటర్నెట్‌కు ముందు రూపం, ఆ పద్ధతితోనే పనిచేసింది.

బాబాయ్: అదే ఏటీ అండ్ టీకి చెందిన బెల్ ల్యాబ్స్ 1947లో ట్రాన్సిస్టర్ ఇచ్చింది. అది మర్చిపోకు.

అమ్మాయి: మర్చిపోను. కానీ ఆ ల్యాబ్‌కు డబ్బెక్కడిది? దేశంలో చాలామందికి వేరే ఫోన్ కంపెనీ లేదు. నచ్చినా నచ్చకపోయినా కట్టే బిల్లులోంచి వచ్చింది. పేరుకే బిల్లు, అది పన్నే.

బాబాయ్: సరే. లాభం కనిపిస్తే ఇప్పుడూ ఎవరో ఒకరు చేస్తారు.

అమ్మాయి: లాభం ఎవరికీ విడిగా రాని పనులుంటాయి. 1986లో, ప్రభుత్వ డబ్బుతో నడిచే లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కూ బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య దూరం దాదాపు 400 గజాలే. రద్దీ పెరిగి, సెకనుకు 32,000 బిట్లు వెళ్లాల్సిన చోట 40 బిట్లు వెళ్లాయి. సెకనుకు ఐదు అక్షరాలు! ప్రతి కంప్యూటరూ జవాబు రాలేదని మళ్లీ మళ్లీ పంపడమే రద్దీని ఇంకా పెంచింది. ప్యాకెట్ (పంపిన సమాచారపు ముక్క) పోయిందంటే దారి నిండిందని అర్థం చేసుకుని, పంపేవాడే వేగం తగ్గించుకోవాలని వాన్ జేకబ్సన్, మైకేల్ కారెల్స్ ఒక పద్ధతి కనిపెట్టారు. 1988లో దాన్ని ప్రచురించారు, ఆ యూనివర్సిటీ పంచే యూనిక్స్ (కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) లో పెట్టి అందరికీ పంచారు. ఒక్క కంపెనీ దాన్ని తన మెషీన్లకే దాచుకుంటే ఎవరికీ ఉపయోగం ఉండేది కాదు, ఎందుకంటే అందరూ తగ్గితేనే దారి తెరుచుకుంటుంది.

(ఈ ఉదాహరణకు బాబాయ్ దగ్గర జవాబు లేదని నాకనిపించింది. ఆయన వేరే వైపు నుంచి వచ్చారు.)

బాబాయ్: 1990ల మొదట్లో గిగాబిట్ టెస్ట్‌బెడ్‌ల సంగతి చెప్పు, అదే సెకనుకు వంద కోట్ల బిట్ల వేగాన్ని పరీక్షించిన నెట్‌వర్క్‌లు. ప్రభుత్వ డబ్బుతో అక్కడ ఏటీఎం టెక్నాలజీని (బ్యాంకు ఏటీఎం కాదు, సమాచారాన్ని ఒకే సైజు చిన్న ముక్కలుగా పంపే పద్ధతి) నెత్తిన పెట్టుకున్నారు. చివరికి గెలిచింది దానికి పోటీ పద్ధతి ఈథర్నెట్. తప్పు గుర్రానికి నా పన్ను ఎందుకు?

అమ్మాయి: ఏటీఎం ఓడిందన్నది నిజం. కానీ అక్కడ అర్థమైంది ఒక్క టెక్నాలజీ కాదు. గిగాబిట్ వేగంతో ఈ తీరం నుంచి ఆ తీరానికి పంపితే, మొదటి బిట్ చేరేలోపే దాదాపు రెండు కోట్ల బిట్లు దారిలో ఉంటాయి. 'ఆగు' అని అవతలివాళ్లు చెప్పేసరికి ఆలస్యమైపోతుంది. ఇది నిజంగా ఆ వేగంలో నడిపి చూడాల్సిన సమస్య. మూడు నెలలకోసారి లాభం చూపించాల్సిన కంపెనీ ఎన్నేళ్లు భరిస్తుంది? అధ్యక్షుడి ఐటీ సలహా సంఘం 1999లో చెప్పిందీ ఇదే: ప్రభుత్వ నిధులు చాలడం లేదు, ఉన్నవీ తక్షణ అవసరాలకే పోతున్నాయి అని. ఆ ఏడాదే సంఘానికి సహాధ్యక్షుడైన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారు మన ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరు వారే.

బాబాయ్: అయితే నాదొక షరతు. ప్రజల డబ్బుతో కనిపెట్టింది ప్రజలకు తెరిచి ఉండాలి. ఏ టెక్నాలజీ అమ్ముడుపోవాలో మాత్రం ప్రభుత్వం తేల్చకూడదు.

అమ్మాయి: రెండూ ఒప్పుకుంటాను. కానీ ఐదేళ్లలో ఏం లాభమొస్తుందో ముందే రాసిస్తేనే డబ్బంటే ఒప్పుకోను.

బాబాయ్: లెక్క అడగొద్దంటే ఎలా అమ్మాయ్?

అమ్మాయి: అడగండి. ఏం తెలుసుకున్నారో అడగండి. ఎంత సంపాదించారో కాదు.